రాతి గోడల ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై బోర్డుల మెష్

ప్రశ్న: మాది రెండంతస్తుల రాతి గోడల ఇల్లు. మేడ మీదికి వైఫై అందదు. మూడు రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులు (చిన్న కంప్యూటర్లు) ఉన్నాయి. వాటితో మెష్ (ఒకదాన్నుంచి ఒకటి సిగ్నల్ అందించుకునే వైఫై వల) కట్టొచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: కట్టొచ్చు. కానీ బోర్డులోని వైఫై చిప్‌కు 802.11ఎస్ (వైఫై మెష్ ప్రమాణం) మోడ్ రాదు. ఒక్కో బోర్డుకు ఎంటీ7612యూ చిప్ ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ తీసుకోండి. మెష్ దానిమీద 2.4 గిగాహెర్ట్జ్‌లో నడపండి, రాతిగోడను 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అంతగా దాటలేదు. ఫోన్లకు బోర్డు సొంత వైఫైని 5లో హాట్‌స్పాట్‌గా పెట్టండి. అడాప్టర్‌ను నల్లటి యూఎస్‌బీ 2 పోర్టుకే గుచ్చండి. నీలం పోర్టు రొద 2.4ను చెడగొడుతుంది.

మెష్ పేరు, ఛానెల్, పాస్‌వర్డ్ మూడు బోర్డుల్లోనూ ఒకటే ఉండాలి. ఛానెల్ తప్పితే ఒకదానికొకటి కనబడవు. దానిపైన బ్యాట్‌మ్యాన్-ఏడీవీ (మెష్‌లో డేటాకు దారి చూపే సాఫ్ట్‌వేర్) నడిపితే 802.11ఎస్ సొంత ఫార్వర్డింగ్ (డేటాను ముందుకు పంపడం) ఆపేయండి, మెష్ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1532 బైట్లు చేయండి. 1500 దగ్గరే వదిలేస్తే ప్యాకెట్లు ముక్కలై వేగం పడిపోతుంది. ఐపీలు (పరికరాల నెట్‌వర్క్ అడ్రస్‌లు) మెయిన్ రౌటర్ ఒక్కటే ఇవ్వాలి.

నడిమి బోర్డు మెట్ల దగ్గర పెట్టండి. మెష్‌కు ఒకే రేడియో కాబట్టి ఒక బోర్డు నుంచి ఇంకోదానికి ప్రతి మజిలీకీ వేగం దాదాపు సగమవుతుంది. మేడకు ల్యాన్ వైరు లాగే వీలుంటే మాత్రం అదే మేలు.

ఛార్జర్ 5 వోల్టులు, 3 ఆంపియర్లది కావాలి. కరెంటు పోయి వచ్చే చోట ఎస్‌డీ కార్డు పాడవుతుంది, అంతా కుదిరాక ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ (కార్డు మీద ఏమీ రాయకుండా ఆపే సెట్టింగ్) ఆన్ చేయండి.