కుట్ల దగ్గర చీము పట్టింది, సంతకం పెట్టాం కనుక కేసు పోయినట్టేనా?

సందేహం: మాది కావలి. నాకు 41 ఏళ్లు, 124 కిలోల బరువు, పదేళ్లుగా షుగరు. నిరుడు చెన్నైలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ (జీర్ణాశయాన్ని కత్తిరించి చిన్నది చేసేది) చేయించుకున్నాను. బిల్లు 4 లక్షల 60 వేలు. ముందురోజు రాత్రి ఆయా వచ్చి పొట్ట మీద బ్లేడుతో గీసి వెళ్లింది. ఇంటికి వచ్చాక అంతా బాగానే ఉంది. 26వ రోజున బొడ్డు పక్క కుట్టు కింద గట్టిగా గడ్డలా తగిలింది, తర్వాత చీము మొదలైంది. మూడు సార్లు యాంటీబయాటిక్స్ మార్చినా ఆరలేదు. అడిగితే, ‘షుగరు వల్ల వచ్చింది, ఇన్ఫెక్షన్ రావచ్చని ముందే సంతకం పెట్టారు, ఏదైనా ఉంటే చెన్నైలోనే తేల్చుకోండి’ అంటున్నారు. నెల్లూరులో కేసు వేయవచ్చా?

సమాధానం: వేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపే కనుక అది నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధిలోకి వస్తుంది. ఎంత పరిహారం కోరుతున్నారన్నదాన్ని బట్టి కాక, ఎంత చెల్లించారన్నదాన్ని బట్టే పరిధి తేలుతుంది. 5 లక్షల వరకు ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. లాయరు నోటీసు ఇచ్చినంత మాత్రాన ఆ గడువు ఆగదు. ఎందుకైనా మంచిది, ఆపరేషన్ తేదీ నుంచే లెక్కవేసుకోండి.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఇన్ఫెక్షన్ వచ్చిందని రుజువు చేస్తే చాలదు. ఎంత జాగ్రత్తపడినా కొందరికి వస్తుంది, ఆ మాట కోర్టులు పదే పదే చెప్పాయి. రాకుండా చేయవలసిన పని ఆసుపత్రి చేయలేదని, అందువల్లే మీకు ఈ నష్టం కలిగిందని చూపాలి. రెండోది చాలామంది మరిచిపోతారు.

బ్లేడు సంగతి చూడండి. మీరు మాటవరసకు రాశారు కానీ అది చిన్న విషయం కాదు. ఆపరేషన్‌కు ముందు వెంట్రుకలు గీయవద్దని, తప్పనిసరైతే క్లిప్పరుతో కత్తిరించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే గట్టిగా చెప్పింది. బ్లేడు చేసే సన్నని గాట్లలో క్రిములు చేరతాయి. అయితే ఆ గాట్ల వల్ల వచ్చే చీము సాధారణంగా మొదటి ఒకటి రెండు వారాల్లోనే బయటపడుతుంది. మీకు గడ్డ తగిలింది 26వ రోజున, పైగా మామూలు మందులకు లొంగలేదు. చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ ఆపరేషన్ల తర్వాత ఇలా ఆలస్యంగా వచ్చే గడ్డల వెనుక టీబీ క్రిముల కుటుంబానికే చెందిన మైకోబ్యాక్టీరియా ఉండవచ్చు. పరికరాలను గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రవంలో కాసేపు ముంచి, కుళాయి నీటితో కడిగి వాడేసే చోట్ల ఇవి చేరతాయి. మామూలు చీము పరీక్షలో ఇవి దొరకకపోవచ్చు. అందుకే ముందుగా ఒక మంచి సర్జన్‌ను కలిసి, మైకోబ్యాక్టీరియా కల్చర్ (చీములోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) ప్రత్యేకంగా చేయించాలా అని అడగండి. వైద్యం దారిలో పడుతుంది, రేపు కమిషన్‌లో మీ చేతిలో ఒక ఆధారమూ ఉంటుంది. ఆ రిపోర్టు రాకముందే నోటీసులో ‘బ్లేడు వల్లే’ అని రాయించుకోకండి. తర్వాత ఆ మాటనే పట్టుకుని మిమ్మల్ని నిలదీస్తారు.

ఇక కాగితాలు. డిశ్చార్జ్ సమ్మరీతో సరిపెట్టుకోకుండా మొత్తం కేసు షీటు అడగండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అందులో మత్తు డాక్టరు రాసే చార్టును తీరిగ్గా చదవాలి. యాంటీబయాటిక్ ఎన్ని గంటలకు ఇచ్చారు, కోత ఎన్ని గంటలకు పెట్టారు అన్న రెండు అంకెలు దానిలో ఉంటాయి. ఆ మందు కోతకు ముందు 120 నిమిషాల లోపు పడాలి. సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే మోతాదు కూడా చూడండి. 120 కిలోలు, ఆపై బరువున్నవారికి 2 గ్రాములకు బదులు 3 ఇవ్వాలని అమెరికా ఫార్మసిస్టుల 2013 మార్గదర్శకాలు చెబుతాయి. పరికరాలను శుద్ధి చేసిన రిజిస్టరు నకలు కూడా పేరు పెట్టి అడగండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదన్నదే మీకు పనికొస్తుంది. జాగ్రత్తలో లోపం లేదని చూపవలసిన బాధ్యత ఆసుపత్రి మీదకు ఎప్పుడు మారుతుందో సవితా గర్గ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పింది.

షుగరు వాదన విని బెదిరిపోకండి. షుగరు, అధిక బరువు ఇన్ఫెక్షన్ ముప్పును పెంచుతాయన్నది నిజమే. కానీ బరువు తగ్గే ఆపరేషన్‌కు వచ్చేవాళ్లలో బక్కపలుచని వాళ్లు ఎవరుంటారు? ఆ ముప్పు తెలిసే చేర్చుకున్నారు, తెలిసే డబ్బు తీసుకున్నారు. కాబట్టి ముందుగా మూడు నెలల షుగరు సగటు చూశారా, అదుపులోకి వచ్చేదాకా ఆగమన్నారా అన్నది వాళ్లే చెప్పుకోవాలి. సంతకం సంగతీ అంతే. మీరు ఒప్పుకున్నది తప్పించలేని ముప్పుకు. పరికరాలు సరిగా శుద్ధి చేయకపోయినా పరవాలేదని ఎవరూ సంతకం పెట్టరు.

మీ వైపు లోపాలుంటే మాత్రం నాతోనో, మీ లాయరుతోనో దాచకండి. కావలిలో డ్రెస్సింగ్ ఎవరి దగ్గర చేయించుకున్నారు? చూపించుకోవడానికి రమ్మన్న తేదీల్లో చెన్నై వెళ్లారా? ఆర్‌ఎంపీ దగ్గర కట్టు మార్పించుకుని ఉంటే అదీ చెప్పండి. ఎదుటివారు మొదట తవ్వేది అక్కడే.

పోలీసు కేసు పెట్టమని బంధువులు చెబుతూ ఉండవచ్చు. జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు, డాక్టరుపై క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం కనిపించాలని, ముందుగా మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని చెప్పింది. మీరు రాసినదాన్ని బట్టి ఆ దారి నేను సూచించను.

రికార్డుల కోసం రాసే లేఖను ఈ వారమే స్పీడు పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. మూడేళ్లు దాటితే రికార్డులు ఉంచుకోవలసిన అవసరం లేదని వాళ్లు అనగలరు. కల్చర్ రిపోర్టు, కేసు షీటు రెండూ చేతికి వచ్చాక, వాటిని చదివి రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చే సర్జన్‌ను వెతకండి. నిపుణుడి అభిప్రాయం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని 2010లో వి. కిషన్ రావు కేసులో తీర్పు ఉంది కానీ, పరికరాల శుద్ధి మీద నడిచే మీ కేసులో అది లేకుండా కమిషన్ మెట్లెక్కవద్దు.