మీ నాన్న మందుల గురించి

చిరంజీవి లలితకు, మేనత్త ఆశీస్సులు.

కొత్తగా దిగులుకి రాసిన ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టగానే, పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, బిగుసుకుపోయే జబ్బు) ఉన్న నాన్నకి వికారంగా ఉంటోందని, ఆపేద్దామా అని అడిగావు. నీ అంతట నువ్వు ఆపకు. ఆ వికారం చాలామందికి మొదటి ఒకటి రెండు వారాలే ఉంటుంది. గుణం కనిపించడానికి మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ముందు ఇబ్బంది, తర్వాత సుఖం కాబట్టే చాలా ఇళ్లలో ఈ మందు మధ్యలోనే అటకెక్కుతుంది. వాంతులు ఎక్కువైతే డాక్టరుకి ఫోన్ చెయ్యి. అన్నట్టు, వాడి దిగులు పిరికితనం కాదు. పార్కిన్సన్స్ మెదడులో తెచ్చే మార్పుల వల్ల కూడా అది వస్తుంది. "నీకేం తక్కువ" అని చుట్టాలు మొదలుపెడితే మాట మార్చెయ్యి.

కనిపెట్టుకుని ఉండాల్సింది రక్తంలో సోడియం, అంటే ఉప్పు. పెద్దవయసులో ఈ రకం మందులతో అది పడిపోవచ్చు. బీపీకి నీరు పోయే మాత్ర కూడా వేసుకుంటుంటే మరీను. మగతగా, తికమకగా ఉంటే వయసు మీద తోసెయ్యకుండా రక్తపరీక్ష చేయించు.

ఇక పార్కిన్సన్స్‌కి వేసే సిన్డోపా, అదే లెవోడోపా ఉన్న మాత్ర. ఒక నోట్‌బుక్ పెట్టు. మాత్ర ఎప్పుడు వేశావు, ఒళ్లు ఎప్పుడు వదులైంది, మళ్లీ ఎప్పుడు బిగిసింది, అంతే రాయి. మెడ, భుజాలు మెలికలు తిరుగుతున్నట్టు ఊగితే అది వణుకు కాదు, చాలాసార్లు మందు ప్రభావం ఎక్కువగా ఉన్న వేళ వచ్చే కదలిక. దాన్ని నువ్వు వణుకని చెబితే డోసు తగ్గించాల్సిన చోట పెంచే ప్రమాదం ఉంది. ఫోన్‌లో వీడియో తీసి చూపించు, మన వర్ణనలకన్నా అదే నయం. పెసరట్టు, గుడ్డు లాంటివాటితో కలిపి వేస్తే మందు సరిగా ఒంటబట్టకపోవచ్చు. తిండికి అరగంట ముందు వెయ్యి. ఏదైనా ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేర్చినా ఆ వేళలు తప్పనివ్వకు. సిన్డోపా హఠాత్తుగా ఆగితే ఒళ్లు కొయ్యబారి, జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

నాకు అసలు భయం వేరే డాక్టర్లు రాసే చిన్న మందులంటే. గ్యాస్ అంటే లెవోసల్పిరైడ్ కలిపిన క్యాప్సూల్, వాంతులంటే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరిగితే సిన్నారిజిన్ లేదా ఫ్లూనారిజిన్. ఇవన్నీ పార్కిన్సన్స్ లక్షణాలను పెంచేవే, లేనివాళ్లకి తెప్పించేవే. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు కూడా. మనం జబ్బు ముదిరిందనుకుంటాం. చీటీలో ఏ కొత్త పేరు కనిపించినా న్యూరాలజిస్టుని అడిగాకే వెయ్యి. నిలబడగానే కళ్లు తిరగడం సిన్డోపాతోనే బీపీ పడిపోయి కూడా అవుతుంది, కాబట్టి పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమను.

ముందుముందు పార్కిన్సన్స్‌కే రాసాజిలిన్ అనే మందు రాస్తే, దిగులుకి ఎస్సిటలోప్రామ్ వాడుతున్నామని ముందే చెప్పు. ఆ రెండూ కలిసి వాడుతున్నప్పుడు జ్వరం, చెమటలు, కంగారు, కండరాలు అదరడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లు. రాసాజిలిన్ వాడేవాళ్లకి డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్, ట్రమడాల్ నొప్పి మాత్ర పనికిరావు.

పార్కిన్సన్స్‌కే ఇచ్చే ఇంకో మందు ప్రామిపెక్సోల్ రాస్తే వాడి ఫోన్ మీద ఓ కన్నేసి ఉంచు. ఆ మందుతో కొందరికి పేకాట, ఆన్‌లైన్ రమ్మీ, కొనుగోళ్లు, కోరికలు అదుపు తప్పుతాయి. జీవితంలో ముక్క ముట్టనివాడు కూడా డబ్బు పోగొట్టుకుంటాడు. పరువని దాచకు, తిట్టకు, డాక్టరుకి చెప్పు. నెమ్మదిగా డోసు తగ్గిస్తారు.

మీ బాబాయి పంపిన దూలగొండి పొడి పక్కన పెట్టు. అందులోనూ లెవోడోపానే ఉంటుంది, ఎంత ఉందో డబ్బా చూసి చెప్పలేం. ఆయనతో నేను మాట్లాడతాలే.

ఇట్లు,
మీ మేనత్త