చూపిస్తే చేస్తోంది, సొంతంగా చేయలేకపోతోంది: ఆరేళ్ల పాప కోడింగ్‌పై సమాధానం

అండీ, స్క్రాచ్‌జూనియర్ (బ్లాకులు పేర్చి కోడింగ్ నేర్చుకునే పిల్లల యాప్) క్లాసులో చూపించినవన్నీ మీ పాప చేసేస్తోంది, సొంతంగా మాత్రం ఏమీ చేయడం లేదు, అసలు నేర్చుకుంటోందా అని అడిగారు కదా. టెన్షన్ పడకండి. పూర్తయిన ప్రాజెక్టును బట్టి ఏమీ తేల్చలేం, చూసి చేసినా అది అలాగే ఉంటుంది.

ఇలా చూడండి: యాప్‌లోని పిల్లి బొమ్మ కుడివైపు మూడు గడులు నడిచి, తర్వాత ఎగిరేలా మీరే బ్లాకులు పేర్చండి. బ్లాకులను నడిపించే పచ్చజెండా బటన్ నొక్కకముందే "ఇప్పుడు పిల్లి ఏం చేస్తుంది?" అని అడగండి. వరుసగా చెబితే క్రమం అర్థమైనట్టే. ఆ తర్వాత పాప చూడకుండా ఎగిరే బ్లాకును ముందుకు జరిపి, "మొదట నడవాలి కదా, సరిచేస్తావా?" అనండి. అన్నీ పీకేసి మళ్లీ పేరుస్తోందా, నేరుగా తప్పున్న చోటికే వెళ్తోందా గమనించండి. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. మీరు వేలు పెట్టి చూపించొద్దు, మార్కులు అసలే వద్దు.

సొంతంగా చేయాలంటే ఖాళీ స్క్రీన్ ఇవ్వకండి. క్లాసులో చేసిన ప్రాజెక్టులోనే తనకు నచ్చింది ఒకటి మార్చమనండి.

2014లో వచ్చిన ఆ యాప్ 5–7 ఏళ్ల పిల్లల కోసమే. బ్లాకుల మీద మాటలకు బదులు బొమ్మలుంటాయి కాబట్టి చదవడం రాకపోయినా ఇబ్బంది లేదు. ఈ వయసుకే పైథాన్ (టైప్ చేసి రాసే కోడింగ్ భాష) నేర్పిస్తామంటే మాత్రం ఫీజు కట్టకండి.