మూడో సుత్తి దెబ్బ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, కథ రెండూ అందాయి. ఉద్యోగం మానేస్తే తప్ప రాయలేనన్నావు. తొందరపడకు. నాకు ప్రాణమైన ఒక సంగీతకారుడి సంగతి చెబుతాను.

గుస్తావ్ మాలర్ 1860లో, ఇప్పటి చెక్ దేశంలో ఉన్న బొహీమియాలో పుట్టాడు. 1897 నుంచి పదేళ్లు వియన్నా కోర్ట్ ఒపేరాను, అంటే అక్కడి ఆస్థాన సంగీత నాటకశాలను, నడిపాడు. గాయకులు, రిహార్సల్స్, తగాదాలు, సీజనంతా వాటికే సరి. సొంత సంగీతానికి మిగిలింది వేసవి సెలవులే. ఆస్ట్రియాలోని మైయెర్నిగ్‌లో సరస్సుకు దగ్గరగా, అడవిలో ఒక చిన్న గది కట్టించుకున్నాడు. పొద్దున్నే అందులోకి వెళ్లిపోయేవాడు. ఫలహారం తెచ్చే వంటమనిషి కూడా ఆయనకు ఎదురుపడకుండా జారుడు వాలు మీదుగా వేరే దారిన వెళ్లేదట! ఆయన సింఫనీలు, అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసిన సుదీర్ఘ రచనలు, అయిదోది నుంచి ఎనిమిదోది దాకా అక్కడే పుట్టాయి. వేసవిలో చిత్తుప్రతి, చలికాలంలో ఉద్యోగం చేసుకుంటూనే సాపుప్రతి.

ఉద్యోగం ఆయన టైమ్ తినేసిన మాట నిజమే. కానీ ఆ చెవిని ఇచ్చిందీ అదే. రోజూ ఆర్కెస్ట్రా ముందు నిలబడి దాన్ని నడిపించేవాడికి ఏ వాయిద్యం దేన్ని మింగేస్తుందో తెలుస్తుంది. అయిదో సింఫనీలో డ్రమ్ముల మోత ఎక్కువైందని తగ్గించాడు. 1904లో కొలోన్‌లో మొదటిసారి వినిపించాక కూడా, 1911లో చనిపోయేదాకా దాన్ని దిద్దుతూనే ఉన్నాడు.

ఆరో సింఫనీ చివరి భాగం విను. అందులో పెద్ద సుత్తి దెబ్బలుంటాయి. గొడ్డలి వేటులా బరువుగా పడాలి, లోహపు మోత రాకూడదని స్కోరులోనే, అంటే స్వరాలు రాసిన ప్రతిలోనే, రాశాడు. మొదట మూడు దెబ్బలు. దిద్దుబాటులో మూడోది తీసేశాడు. ఇప్పుడు ఆ చోటు వచ్చేసరికి, పడని దెబ్బ కోసం ఒళ్లంతా చెవులై ఉంటాం. నాకైతే ప్రతిసారీ గుండె ఝల్లుమంటుంది.

తొమ్మిదో సింఫనీని ఆయన వినకుండానే పోయాడు. 1912లో వియన్నాలో బ్రూనో వాల్టర్ అనే కండక్టర్ దాన్ని వినిపించాడు. యూదుడని నాజీలు మాలర్ సంగీతాన్ని నిషేధించారు. 1960లలో లియొనార్డ్ బెర్న్‌స్టైన్ వంటి కండక్టర్లు దాన్ని మళ్లీ ఊరూరా మోగించారు.

ఇక నీ కథ. అందులో తల్లి మూడుసార్లు ఏడుస్తుంది. బస్టాండులో సంచి ముడి బిగిస్తూ ఏడ్చింది చూడు, అక్కడ నేనూ ఆగిపోయాను. రెండోది సరే. మూడోది కొట్టేసి, పైకి చదువుకుని మళ్లీ పంపు.

సెలవులు ఎప్పుడో రాయి. ఊళ్లో మా పెంకుటింటి వెనక గది ఖాళీగానే ఉంది.