స్టాంపు పేపరు మీద ‘కాంట్రాక్టర్’ అని రాయించుకుంటే సరిపోతుందా?

ప్రశ్న: హనుమకొండ చౌరస్తా దగ్గర మాకు చిన్న బొటిక్ ఉంది. జాకెట్లు కుట్టే మాస్టర్‌కు పీసు లెక్కన డబ్బులిచ్చేవాళ్లం. ‘ఉద్యోగి కాదు, కాంట్రాక్టర్’ అని 100 రూపాయల స్టాంపు పేపరు మీద సంతకం కూడా తీసుకున్నాం. మూడేళ్లు చేశాక, గిరాకీ తగ్గిందని ఈమధ్య రావొద్దన్నాం. ఇప్పుడు పరిహారం కట్టాలంటూ వకీలు నోటీసు వచ్చింది. ఇవ్వాల్సిందేనా?

జవాబు: అమ్మా, ఆ పేపరు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. స్టాంపు పేపరంటే మనవాళ్లకు అదో ధైర్యం. కోర్టు మాత్రం పని ఎలా నడిచిందని అడుగుతుంది. మిషను ఎవరిది? చంక దగ్గర పట్టేస్తోందని కస్టమర్ జాకెట్ తిరిగి తెస్తే, ‘విప్పి మళ్లీ కుట్టు’ అని మాస్టర్‌కు చెప్పిందెవరు?

ఇలాంటి తగాదాయే మన తెలంగాణ ప్రాంత దుకాణాల చట్టం కింద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు, 1973 నాటి తీర్పు. అక్కడా పీసు రేటే. పొద్దంతా దుకాణంలోనే ఉండాలన్న నియమం లేదు, కొందరు బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు. అయినా మిషన్లు యజమానివి, కుట్టు బాగాలేకపోతే తిప్పిపంపే హక్కూ యజమానిదే. అందుకే వాళ్లు ఉద్యోగులేనని కోర్టు తేల్చింది. మీ మాస్టర్ మీ దుకాణంలో, మీ మిషను మీదే కుట్టి ఉంటే మీ వాదన నిలవడం కష్టం.

అదే మగ్గం వర్క్ చేసే అతని సంగతి వేరు. మగ్గం ఆయనది, సాయం చేసే పిల్లలను పెట్టుకునేది ఆయనే, నాలుగు బొటిక్‌ల పని పడతాడు, రేటూ ఆయనే చెబుతాడు. అలాంటి మనిషితో రాసుకున్న కాంట్రాక్టుకు బలం ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా మాన్పిస్తే, నెల ముందు రాతపూర్వక నోటీసో, నెల వేతనమో ఇవ్వాలి. ఏడాది నిండినవారికి ఏటికి 15 రోజుల సగటు వేతనం అదనం. మీ లెక్కలో రెండూ కలిపి సుమారు రెండున్నర నెలల సంపాదన. గిరాకీ తగ్గడం సరైన కారణమేనని వాదించవచ్చు గానీ, దానికోసం ఏళ్ల తరబడి తిరగడం కన్నా రాజీయే చవక.

నోటీసును పక్కన పడేయకుండా గడువులోగా జవాబివ్వండి. పీసులు రాసుకున్న పుస్తకం, ఫోన్‌పే చెల్లింపులు దగ్గర పెట్టుకుని సగటు తీయండి. పాత తేదీలతో కొత్త కాగితాలు మాత్రం పుట్టించకండి, అసలుకే మోసం వస్తుంది. మాట కుదిరితే లేబర్ ఆఫీసర్ ముందే రాజీపత్రం రాసుకుని, డబ్బు బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకోండి.