యోసెమిటీ గ్రానైట్ సబ్‌డక్షన్ వల్లే పుట్టిందని ఎలా చెప్పగలం?

మీ సందేహం అర్థమైంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్క్ నుంచి సముద్రం 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడి హాఫ్ డోమ్ అనే గ్రానైట్ కొండ చుట్టుపక్కల అగ్నిపర్వతం జాడే లేదు. అలాంటప్పుడు ఆ గ్రానైట్ అంతా సబ్‌డక్షన్ వల్ల, అంటే సముద్రపు ప్లేట్ (భూమి పైపొర పలక) ఖండం కిందికి దూరడం వల్ల వచ్చిందని ఏ ధైర్యంతో అంటున్నారు అని కదా మీరు అడిగింది?

నేను ఎమ్మెస్సీ జియాలజీ చదివి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పడి, బే ఏరియాలో ఉంటున్నవాణ్ణి. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా యోసెమిటీకి కారు తోలేది నేనే. దారి పొడుగునా రాళ్ల గురించి చెప్పి వాళ్లను విసిగించడం అలవాటైపోయింది కాబట్టి మీకూ అదే చెబుతాను. ఒక్క గ్రానైట్‌ను చూసి సబ్‌డక్షన్ అని తేల్చలేం. తీరం నుంచి లోపలికి ఏ రాయి తర్వాత ఏ రాయి వస్తోందో ఆ వరస చూసి తేలుస్తారు.

జరిగింది ఇది. డైనోసార్ల కాలంలో ఫరలాన్ అనే సముద్రపు ప్లేట్ ఉత్తర అమెరికా పడమటి అంచు కిందికి దిగుతూ ఉండేది. దాని ఖనిజాల్లో ఇరుక్కున్న నీరు సుమారు 100 కిలోమీటర్ల లోతులో విడుదలై పైనున్న మాంటిల్‌లోకి (భూమి పైపొర కింద ఉండే రాతి పొరలోకి) చేరింది. నీరు తగిలితే రాయి కరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. కొత్తగా వేడి పెంచే పని లేకుండానే మాగ్మా, అంటే కరిగిన రాయి, తయారైంది. అది పైకి వచ్చి, ఖండపు రాళ్లనూ కొంత కరిగించి కలుపుకుని, కొన్ని కిలోమీటర్ల లోతులో నిలిచి చల్లారింది. అదే యోసెమిటీ ఉన్న పర్వతశ్రేణి, సియెర్రా నెవాడా గ్రానైట్.

ఇక రుజువు. నన్నడిగితే అసలు సాక్షి హాఫ్ డోమ్ కాదు, శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలో గోల్డెన్ గేట్ వంతెన దాటాక టిబురాన్‌లో ఉన్న రింగ్ మౌంటెన్. పేరుకు మౌంటెన్ గానీ గడ్డి గుట్ట. దాని మీద అక్కడక్కడా బండలు పడి ఉంటాయి. దూరం నుంచి మామూలు బూడిద రంగే. సీసాలో నీళ్లు కాసిని పోస్తే నీలం తేలుతుంది. అది గ్లాకోఫేన్ అనే ఖనిజం, ఆ రాయి బ్లూషిస్ట్. కొన్ని బండల్లో ఎర్రటి గార్నెట్ గింజలు కంటికే కనిపిస్తాయి. లాసోనైట్ అనే ఖనిజాన్ని లోకానికి మొదట పరిచయం చేసింది కూడా టిబురాన్ రాళ్లే, 1895లో. (సుత్తి పట్టుకెళ్లకండి, అది రక్షిత ప్రాంతం.)

ఆ నీలం రంగుకు అంత విలువ ఎందుకంటే, బ్లూషిస్ట్ పుట్టాలంటే 25, 30 కిలోమీటర్ల లోతులో ఉండే ఒత్తిడి కావాలి, వేడి మాత్రం 200 నుంచి 400 డిగ్రీల దగ్గరే ఆగాలి. మామూలుగా అంత లోతులో వేడి ఇంతకంటే చాలా ఎక్కువ. చల్లటి సముద్రపు ప్లేట్ వేడెక్కే తీరిక లేకుండా గబగబా కిందికి దిగితేనే ఈ రెండూ కుదురుతాయి. అంటే తీరంలో చల్లగా నలిగిన రాళ్లు, లోపల వేడికి కరిగిన రాళ్లు, రెండూ సమాంతరంగా రెండు పట్టీలుగా ఉన్నాయి. ఒకే కాలానివి కూడా.

ఆ రెండు పట్టీల మధ్యలో వచ్చే సెంట్రల్ వ్యాలీలో మీకు బాదం తోటలు తప్ప ఏమీ కనిపించవు. వాటి కింద కొన్ని చోట్ల 10 కిలోమీటర్లకు మించిన అవక్షేపాలున్నాయి. సియెర్రా మీద ఒకప్పుడు ఉన్న అగ్నిపర్వతాలు అరిగి కొట్టుకొచ్చిన మట్టీ ఇసుకా అందులో చాలానే ఉంది. 'అగ్నిపర్వతాలు ఏమయ్యాయి' అంటే చాలా వరకు జవాబు అదే. మిగిలిన తునకలు చూడాలంటే మామత్ లేక్స్ వైపు వెళ్లి మినరెట్స్ శిఖరాలు చూడండి. అవి గ్రానైట్ కావు, ఆనాటి అగ్నిపర్వత శిలలు.

యోసెమిటీకి చేరాక ఒక పని చేయండి. సెల్ఫీలయ్యాక టియోగా రోడ్డులో టువాలమీ మెడోస్ దాకా వెళ్లండి. అక్కడి కథీడ్రల్ పీక్ గ్రానోడయోరైట్‌లో (గ్రానైట్ లాంటి రాయే) ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు పలకలు బొటనవేలంత పొడుగున, రాయిలోంచి పొడుచుకొచ్చి ఉంటాయి. చేత్తో తడిమితే గుచ్చుకుంటాయి. దీని వయసు 8.8 కోట్ల ఏళ్ల దగ్గర, యోసెమిటీ లోయలోని ఎల్ కాపిటాన్ కొండ గ్రానైట్‌ది 10 కోట్లు దాటింది. అంటే ఇదంతా ఒక్కసారి పోసిన మాగ్మా కాదు, విడతలు విడతలుగా వచ్చింది. దాదాపు 8 కోట్ల ఏళ్ల క్రితం ప్లేట్ ఏటవాలు తగ్గి ఖండం అడుగునే బల్లపరుపుగా జారడంతో మాగ్మా కట్టయింది. ఫరలాన్‌లో మిగిలిన ముక్క, హువాన్ డి ఫూకా ప్లేట్, ఉత్తరాన ఇప్పటికీ దిగుతూనే ఉంది. 1915లో లాసెన్ పీక్ అగ్నిపర్వతం పేలడం దాని చలవే.

'మరి హైదరాబాద్ గ్రానైట్ కూడా ఇంతేనా' అని కామెంట్‌లో ఒకరు అడిగారు. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అంత పాత బ్లూషిస్ట్ ప్రపంచంలో ఎక్కడా దొరకలేదు. టిబురాన్‌లాంటి సాక్షి లేదు కాబట్టి, అక్కడ రాళ్ల రసాయన కూర్పు మీదే వాదించుకోవాలి. ఆ వాదన ఇంకా నడుస్తోంది.