పిల్లల థెరపీ కేంద్రంలో కొలువు: సైకాలజీ ఒక్కటే దారి కాదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. ఎదుగుదల లోపాలు, మానసిక సమస్యలున్న పిల్లలతో పనిచేస్తానని పట్టుబడుతోంది. దూరవిద్యలో సైకాలజీ చేయిస్తే సరిపోతుందా? జిల్లాల్లో ఉద్యోగాలుంటాయా?

జవాబు: సరిపోదండీ. దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టుగా గుర్తింపు రాదు. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టులు, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, వైకల్యమున్న పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్లు ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలుశిక్ష పడొచ్చు. ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీలు దీని కిందికి రావు, వాటికి 2021లో వేరే చట్టం వచ్చింది.

ఇక ఉద్యోగాలు. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద సంచార బృందాలు అంగన్‌వాడీలు, బడులు తిరిగి పిల్లల్ని పరీక్షిస్తాయి. అనుమానం ఉన్నవాళ్లను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపుతాయి. అక్కడ పిల్లల వైద్యుడు, సైకాలజిస్టు, ఫిజియోథెరపిస్టు, ఆడియాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, సోషల్ వర్కర్, మేనేజర్ వంటి పోస్టులుంటాయి. సైకాలజిస్టు పోస్టు ఆ జాబితాలో ఒకటి మాత్రమే. వీటికి తోడు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం, పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలున్నాయి, అక్కడ ప్రధానంగా స్పెషల్ ఎడ్యుకేటర్లే కావాలి. రెండుచోట్లా ఎక్కువగా కాంట్రాక్టు కొలువులే. ఈ సంగతి ముందే తెలుసుకుని దిగాలి. డీఈఐసీ నోటిఫికేషన్లు జిల్లా వెబ్‌సైట్లో పెడతారు.

పని ఎలా ఉంటుందో కూడా చూడండి. రెండున్నరేళ్ల బాబు మాట్లాడడం లేదని తల్లి తీసుకొస్తుంది. పిలిస్తే పలకడు, కళ్లలోకి చూడడు. చాలామంది వెంటనే ఆటిజం అనేస్తారు. పద్ధతి తెలిసినవాళ్లు ముందు లోపలి చెవి స్పందన చూసే ఓఏఈ, అవసరమైతే శబ్దం మెదడుకు చేరుతోందా అని చూసే బెరా పరీక్ష చేయించి వినికిడి తేల్చుకుంటారు. చెవుడున్న బిడ్డ కూడా పిలిస్తే పలకడు కదా! ఆ తర్వాతే సైకాలజిస్టు ఎదుగుదల పరీక్షలు చేస్తాడు. ఆడియాలజిస్టు పోస్టు ఖాళీగా ఉంటే ఈ వరస అంతా ఆగిపోతుంది. వినికిడి రిపోర్టు లేకుండా మిగతావాళ్లు చెప్పేది సగం ఊహే.

ఇంకో చిక్కు, మధ్యలో మానేయడం. వారానికోసారి రావాలంటే ఆ ఇంట్లో ఒకరి కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. అందుకే మంచి థెరపిస్టు తన గదిలో చేసే అరగంట పని కంటే తల్లికి నేర్పే రెండు పనుల మీదే ఎక్కువ దృష్టి పెడుతుంది. బొమ్మ అందకుండా పట్టుకుని అడిగేదాకా ఆగడం లాంటివి, స్నానం, అన్నం వేళల్లో చేయదగ్గవి. మరోసారి వచ్చినప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో చూసి సరిదిద్దుతుంది. రానివాళ్లకు ఫోన్ చేసే బాధ్యత సోషల్ వర్కర్‌కు అప్పగించని కేంద్రాల్లో కేసులు చేజారిపోతుంటాయి.

మీ అమ్మాయికి నా మొదటి ఓటు బీఏఎస్‌ఎల్‌పీ, అంటే వినికిడి, మాట సమస్యల మీద ఉండే డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు, బైపీసీ వాళ్లు అర్హులే. మైసూరులో మాట, వినికిడి సమస్యల మీద పనిచేసే జాతీయ సంస్థ ఆయిష్‌ను కూడా చూడండి. త్వరగా పనిలో చేరాలనుకుంటే రెండేళ్ల డీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్. దానికి సికింద్రాబాద్‌లోని నీపిడ్ వైపు చూడండి, మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ అది. క్లినికల్ సైకాలజీయే కావాలంటే ఇన్నాళ్లూ డిగ్రీ, పీజీ, ఆపై ఎం.ఫిల్, ఏడేళ్ల దారి ఉండేది. ఎం.ఫిల్ స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి కనుక చేరే ఏడాదికి ఏది చెల్లుతుందో ఆర్‌సీఐ వెబ్‌సైట్లో చూసుకున్నాకే ఫీజు కట్టండి. కాలేజీకి ఉన్న అనుమతికి గడువుంటుంది, బోర్డు మీద పాత అనుమతి చూపించే కాలేజీలూ ఉన్నాయి.

ఫారం నింపకముందే ఆమెను ఏదైనా కేంద్రంలో, వాళ్ల అనుమతితో, వారం రోజులు కూర్చోనివ్వండి. నేల మీద కూర్చుని, చొల్లు తుడుస్తూ, ఒకే శబ్దాన్ని యాభైసార్లు పలికించడం చూసి కూడా ఇష్టం తగ్గకపోతే దరఖాస్తు చేయించండి. పిల్లలంటే ప్రేమే గానీ ఈ ఓపిక లేదనిపిస్తే డిగ్రీ తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి కేంద్రాల నిర్వహణ వైపు వెళ్లొచ్చు. అపాయింట్‌మెంట్లు, ఖాళీ పోస్టులు, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ల కోసం తిరిగే కుటుంబాలు, ఇవన్నీ చక్కబెట్టేవాళ్లు అక్కడ ఎప్పుడూ కరవే.